పాత పగ సినిమాపై ప్రేక్షకుల అభిప్రాయాలు సేకరించడం ఎలా? చెన్నై తెలుగువారికి కొన్ని సూచనలు

తొంభైల నాటి ఒక ప్రతీకార చిత్రాన్ని చెన్నైలోని తెలుగువారు అప్పట్లో ఎలా చూశారో, ఇప్పుడు దాని గురించి ఏమనుకుంటున్నారో సేకరించి తెలుగు సంఘం సంచికలోనో, అపార్ట్‌మెంట్ వార్షికోత్సవ పుస్తకంలోనో వేయాలనుకునేవారి కోసం ఈ సూచనలు రాస్తున్నాను. ఇటువంటి ప్రయత్నాలు చాలావరకు మొదటి ప్రశ్న దగ్గరే చెడిపోతాయి. "సినిమా ఎలా ఉంది?" అని అడుగుతారు, "సూపర్" అని జవాబు వస్తుంది, పాతికమంది చెప్పిన పాతిక సూపర్లను వరసగా అచ్చు వేస్తారు, చదివినవాళ్లకు ఒక్క ముక్క కూడా కొత్తగా తెలియదు. ముప్ఫై ఏళ్ల కిందటి సినిమాపై ఎవరైనా చెప్పే మాట పనికిరావాలంటే అది ఏదో ఒక సన్నివేశం గురించి అయి ఉండాలి, ఆ మనిషి చూసినది ఏ భాషలో, ఏ ప్రింటులో, ఎక్కడ అన్నది కూడా మనకు తెలిసి ఉండాలి. ఈ రెండూ రాబట్టడానికే ఈ పద్ధతి అంతా.

ముందుగా సినిమాను ఎంచుకోవాలి, అదీ ఒక్కదాన్నే. నాలుగైదు సినిమాలు కలిపి అడిగితే జ్ఞాపకాలు ఒకదానిలోకి ఒకటి జారిపోయి, ఒక సినిమాలోని ఫైటు మరో సినిమా క్లైమాక్సులో తేలుతుంది. 1991లో విజయ బాపినీడు దర్శకత్వంలో వచ్చిన గ్యాంగ్ లీడర్ వంటి స్ట్రెయిట్ సినిమాను, అంటే నేరుగా తెలుగులోనే తీసినదాన్ని, తీసుకుంటే అందరూ చూసింది దాదాపు ఒకటే కనుక పని సులువవుతుంది. అయితే చెన్నైలో ఉండి ఈ పని చేసేవారు 1995 సంక్రాంతికి విడుదలైన తమిళ చిత్రం బాషాను ఎంచుకోవడమే మంచిదని నా అభిప్రాయం. సురేష్ కృష్ణ దర్శకత్వంలో రజనీకాంత్ మద్రాసు ఆటో డ్రైవరుగా కనిపించే ఆ కథలో, బొంబాయి గతాన్ని దాచిపెట్టుకుని ఎన్ని దెబ్బలైనా ఓర్చుకునే మనిషి చివరికి తన పాత శత్రువు మార్క్ ఆంటోనీకి ఎదురు నిలుస్తాడు. ఈ నగరంలో పుట్టి పెరిగిన తెలుగువాడు దాన్ని తమిళంలో చూశాడు, నెల్లూరులో ఉన్న అతని మేనబావ తెలుగు డబ్బింగులో చూశాడు, ఓఎంఆర్ (పాత మహాబలిపురం రోడ్డు) కంపెనీల్లో పనిచేయడానికి తరవాత వచ్చిన కుర్రవాడు చిన్నప్పుడు టీవీలో ముక్కలు ముక్కలుగా చూశాడు. ఒకే సినిమాపై ఇన్ని రకాల ప్రేక్షకులు ఒకే ఊళ్లో దొరకడం అరుదు.

అందువల్ల ఎవరితో మాట్లాడినా మొట్టమొదట తేల్చుకోవలసినది ఏ భాషలో చూశారన్నదే. తెలుగు అనువాదంలో రజనీకాంత్‌కు సాయికుమార్ గొంతు ఇచ్చారు. తమిళంలో రజనీకాంత్ సొంత గొంతులో మాటలు విరుస్తూ, మధ్యలో ఆగుతూ పలికిన చోట, తెలుగులో బరువైన, గంభీరమైన ఉచ్చారణ వినిపిస్తుంది. "ఆ డైలాగుకు హాలు దద్దరిల్లింది" అని ఇద్దరు చెబితే వాళ్లు చెబుతున్నది రెండు వేర్వేరు గొంతుల గురించి కావచ్చు. చెన్నై బంధువులకూ నెల్లూరు బంధువులకూ మధ్య ఈ విషయంలో జరిగే వాదన ఎప్పటికీ తెగదు కాబట్టి, దాన్ని తెంచే ప్రయత్నం చేయకుండా ఇద్దరి మాటనూ భాష పేరుతో సహా రాసుకుంటే చాలు.

తరవాత చూడవలసినది ప్రతి. మీ దగ్గర ఉన్న డిస్కులోనో, ఓటీటీలోనో సినిమా మొదట్లో సెన్సార్ సర్టిఫికెట్ కొన్ని క్షణాలు కనిపిస్తుంది. అక్కడ ఆపి జాగ్రత్తగా చదవండి. సర్టిఫికెట్ తేదీ, రీళ్ల సంఖ్య, మీటర్లలో నిడివి అందులో ఉంటాయి. 35 ఎంఎం ఫిల్ము సెకనుకు 24 ఫ్రేముల చొప్పున నిమిషానికి సుమారు 27.4 మీటర్లు నడుస్తుంది. నిడివి 4,100 మీటర్లని ఉంటే హాల్లో పడినది దాదాపు 150 నిమిషాల సినిమా అన్నమాట. సర్టిఫికెట్ మూలన త్రికోణం గుర్తు ఉంటే సెన్సార్ వారు కొంత భాగం తీయించారని అర్థం. డబ్బింగ్ సినిమాకు విడిగా సర్టిఫికెట్ తీసుకోవాలి కనుక తమిళంలో ఉన్న దెబ్బ తెలుగులో లేకపోవచ్చు, తెలుగులో మిగిలినది తమిళంలో పోవచ్చు.

ఈ లెక్కకు ఒక చిన్న మెలిక ఉంది. మన దేశపు టీవీల్లో, వీసీడీల్లో వాడిన పాల్ (PAL) అనే ప్రసార పద్ధతిలో సెకనుకు 25 ఫ్రేములు నడుస్తాయి కనుక 150 నిమిషాల సినిమా ఒక్క ముక్క కూడా కోయకుండానే 144 నిమిషాలకు కుదించుకుపోతుంది. కాబట్టి ఆరు నిమిషాలు తగ్గాయనగానే ఫైటు కోసేశారని నిర్ధారించకూడదు. అదే ప్రతి 128 నిమిషాలే ఉంటే మాత్రం ఒక పాటో, కామెడీ ట్రాకో, ఒక పోరాటమో ఎగిరిపోయిందని గట్టిగా అనుమానించవచ్చు, ఏది పోయిందో సర్టిఫికెట్ నిడివి దగ్గర పెట్టుకుని వెతకవచ్చు.

టీవీ ప్రతుల్లో నిడివి కంటే పెద్ద నష్టం అంచుల్లో జరుగుతుంది. స్కోప్‌లో తీసిన సినిమా తెర వెడల్పు ఎత్తుకు 2.35 రెట్లు ఉంటుంది, పాత టీవీ తెర వెడల్పు 1.33 రెట్లే. తెర పైనా కిందా నల్లపట్టీలు వదలకుండా బొమ్మను నిండా నింపితే అసలు ఫ్రేములో సగానికి కొంచెం ఎక్కువ మాత్రమే మిగులుతుంది. పగ సినిమాలో ఇది మామూలు లోపం కాదు. కథానాయకుడు ఎడమ చివర, విలన్ కుడి చివర నిలబడి, మధ్యలో ఖాళీ స్థలాన్ని వదిలి దర్శకుడు పెంచిన ఉద్రిక్తత టీవీలో ఒకరి చెవి, మరొకరి భుజంగా మారిపోతుంది. "ఆ సీన్లో ఏముంది, ఊరికే నిలబడ్డారు" అని ఎవరైనా అంటే వాళ్లను తప్పుపట్టే ముందు ఏ తెరపై చూశారో అడగండి. వీలైతే ఆ ఒక్క దృశ్యాన్నైనా పూర్తి వెడల్పులో చూపించి మళ్లీ అడగండి. బాషా విషయంలో 2017లో డిజిటల్‌గా శుభ్రం చేసిన ప్రతి హాళ్లలో మళ్లీ విడుదలైంది. అది చూసినవారు చెప్పే మాటల్లో రంగులు, శబ్దం 1995 నాటివి కావని గుర్తుంచుకోవాలి.

ఇక ఎవరిని అడగాలి? చెన్నైలో తెలుగు ప్రేక్షకులు ఒకే ముద్ద కాదు. రాయపురం, పెరంబూరు, వ్యాసర్‌పాడి వైపు తరాలుగా ఉన్న తెలుగు కుటుంబాలు ఇంట్లో తెలుగు మాట్లాడుతూనే తమిళ సినిమాను తమదిగా చూశాయి. కోడంబాకం, వడపళని, సాలిగ్రామం వైపు సినిమా పనితో వచ్చి స్థిరపడినవారున్నారు. ఓఎంఆర్, వేళచ్చేరి వైపు ఉద్యోగాలకు వచ్చిన యువకులున్నారు. మూడు వైపుల నుంచీ మనుషులు లేకుండా "చెన్నై తెలుగువారి అభిప్రాయం" అని శీర్షిక పెట్టడం సరికాదు. సినిమాల్లో ఫైటర్లుగా, డబ్బింగ్ కళాకారులుగా, జూనియర్ ఆర్టిస్టులుగా పనిచేసినవారు చెప్పేది చాలా విలువైనదే, కానీ అది ప్రేక్షకుడి అభిప్రాయం కాదు. తాడు ఎక్కడ కట్టారు, ఏ షాటులో డూపు ఉన్నాడు, ఆర్.ఆర్.లో (నేపథ్య సంగీతంలో) ఏ వాయిద్యం పెట్టారు అన్న వివరాలను విడిగా వేయండి, లేకపోతే మామూలు ప్రేక్షకుడు తన మాట చిన్నదనుకుని నోరు మూసుకుంటాడు.

ఆడవాళ్ల అభిప్రాయాలు సేకరించేవారు చాలా తక్కువ, మగవాళ్లు కూర్చున్న హాల్లో అడిగేవారు ఎక్కువ. ఆ కాలపు పగ సినిమాల్లో చెల్లెలికో, వదినకో జరిగిన అవమానం నుంచే కథ ఊపందుకుంటుంది, కానీ ఆ దృశ్యం చూస్తూ ఆడవాళ్ల వరసలో కూర్చున్నవారికి ఏమనిపించిందో ఎక్కడా రాసి లేదు. వాళ్లతో విడిగా, వీలైతే మరో స్త్రీ చేత మాట్లాడించండి. సినిమాకు వెళ్దామన్న నిర్ణయం ఎవరిది, లేడీస్ కౌంటర్లో టికెట్టు ఎవరు తీసుకున్నారు, ఇంటికి వచ్చాక దాని గురించి మాట్లాడుకున్నారా అని అడిగితే సినిమా కబురు దానంతట అదే వస్తుంది.

ప్రశ్నలు వేసే తీరు మీదే సగం పని ఆధారపడి ఉంది. "బాగుందా", "మీకు నచ్చిన హీరో ఎవరు", "పదికి ఎన్ని మార్కులు" అనేవి అడగకండి. హాలు పేరుతో మొదలుపెట్టండి. మౌంట్ రోడ్డు దేవి, అశోక్‌నగర్ ఉదయం, వడపళని ఏవీఎం రాజేశ్వరి, ఇలా ఒక్క పేరు పలికించగలిగితే ఎవరితో వెళ్లారు, టికెట్టు బ్లాకులో కొన్నారా, ఏ వరసలో కూర్చున్నారు అన్నవన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి. వీటిలో కొన్ని హాళ్లు ఇప్పుడు మూతపడ్డాయి, 2024లో ఉదయం థియేటరు కూడా మూతపడింది. మూతపడిన హాలు గురించి మాట్లాడేటప్పుడు మనుషులు ఎక్కువ వివరాలు చెబుతారు, అలాగే కొంచెం ఎక్కువ చేసి కూడా చెబుతారు. నగరానికి చెన్నై అన్న పేరు అధికారికంగా వచ్చింది 1996లో కనుక వాళ్లు మద్రాసు అంటే మద్రాసు అనే రాసుకోండి.

హాలు నుంచి సన్నివేశంలోకి దిగాలి. బాషాలో కథానాయకుణ్ణి స్తంభానికి కట్టి కొడుతుంటే అతను ఎదురు తిరగకుండా నవ్వుతూ భరించే దృశ్యం ఒకటుంది. తరవాత చెల్లెలి జోలికి వచ్చినప్పుడు మొదటిసారి చెయ్యెత్తుతాడు. పగ సినిమాపై ప్రేక్షకుడి మనసు తెలుసుకోవడానికి ఈ రెండు దృశ్యాల మధ్య దూరం కంటే మంచి చోటు లేదు. ఆ మధ్యలో ప్రేక్షకుడు ఎంత ఓపిక పట్టాడు, ఎక్కడ విసుక్కున్నాడు, దెబ్బ పడ్డప్పుడు సంతోషించాడా లేక "ఇంతసేపు ఎందుకు ఆగాడు" అనుకున్నాడా అన్నది అడగాలి. సంభాషణ ఇలా సాగితే సరిగ్గా సాగుతున్నట్టు:

"బాబాయ్, స్తంభానికి కట్టేసినప్పుడు మీ పక్కవాళ్లు ఏం చేశారు?"

"ఏం చేస్తారురా, హాలంతా గప్‌చిప్. వెనకనుంచి ఒకడు మాత్రం 'కట్లు తెంచుకో అన్నా' అని తెరమీదికే కేకేశాడు."

"మీరేమనుకున్నారు?"

"నాకు కోపం వచ్చింది. రజనీ మీదే. తన్నులు తినడానికా మేం టికెట్టు కొన్నది అని. ఇప్పుడు చూస్తే అదే నచ్చుతుంది."

ఇక్కడ చూడండి, పెద్దాయన రెండు అభిప్రాయాలు చెప్పారు, ఒకటి 1995ది, మరొకటి ఇప్పటిది. వీటిని కలిపి "ఆ సీన్ అద్భుతం" అని ఒక్క వాక్యంగా కుదిస్తే మనం రాబట్టినదాన్ని మనమే పారేసినట్టవుతుంది. అప్పటిది, ఇప్పటిది అని రెండు గళ్లు గీసుకుని విడివిడిగా రాసుకోండి. ఆయన ఏ గడిలోకీ రాని మాట అంటే పక్కన అంచులో రాసుకోండి, ఎందుకంటే చాలాసార్లు అచ్చులో నిలిచేది అదే.

పగ గురించి నేరుగా అడగవలసిన ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. విలన్ చావాలని ఎప్పుడు అనిపించింది? పోలీసులకు పట్టిస్తే సరిపోయేదా? తండ్రికి ఇచ్చిన మాట తప్పాడని ఎవరైనా అనుకున్నారా? విలన్‌పై జాలి కలిగిన క్షణం ఉందా? మార్క్ ఆంటోనీగా రఘువరన్ నటన గురించి అడిగినప్పుడు ఆఖరి ప్రశ్నకు ఆసక్తికరమైన జవాబులు వస్తాయి. గొంతు పెంచకుండా భయపెట్టే ఆ విలన్‌ను కథానాయకుడి కంటే ఎక్కువగా గుర్తుపెట్టుకున్నవారు తక్కువేమీ లేరు. ఇటువంటి ప్రశ్నలు ఒకేసారి మూడు నాలుగు గుప్పించకుండా, ఒకటి అడిగి ఆగండి. చెన్నైలో మాట మధ్యలో తమిళం వచ్చిపడుతుంది, దాన్ని ఆపకండి, వచ్చినట్టే రికార్డు కానివ్వండి.

అభిమానుల విషయంలో కొంచెం తెలివిగా ఉండాలి. తన హీరో సినిమాపై అభిమాని చెప్పేది మీకు ముందే తెలుసు. అతణ్ణి అవతలి హీరో పగ సినిమా గురించి అడిగితే మాత్రం చక్కని విమర్శకుడవుతాడు, ఫైటు ఎక్కడ సాగింది, ఇంటర్వెల్ ఎందుకు తేలిపోయింది, సెకండాఫ్‌లో ఎంత ల్యాగ్ ఉందో నిమిషాలతో చెబుతాడు. అప్పుడు అవే కొలతలు తన సినిమాకు పెట్టమని మర్యాదగా అడగవచ్చు. కొందరు పెడతారు, కొందరు నవ్వి లేచిపోతారు.

కొత్త తరం కోసం సినిమాను మళ్లీ వేయాలనుకుంటే ముందు అనుమతి సంగతి చూసుకోండి. ఓటీటీ చందా ఇంటివరకే చెల్లుతుంది, సంఘం హాల్లో పదిమందికి వేయాలంటే హక్కుదారు నుంచి రాతపూర్వక అనుమతి ఉండాలి. టికెట్టు పెట్టకపోయినా ఇదే మాట. అనుమతి దొరకకపోతే ఎవరి ఇంట్లో వాళ్లను చూడమని, ఒక వారం తరవాత కలుద్దామని చెప్పడం మేలు.

ప్రదర్శన కుదిరితే ఇద్దరిని పనిలో పెట్టండి. ఒకరు తెరను చూస్తూ నిమిషాలు గుర్తించాలి, మరొకరు తెరకు వీపు పెట్టి మనుషులను చూడాలి. ఎక్కడ నవ్వు వచ్చింది, ఎక్కడ ఫోన్లు బయటికి వచ్చాయి, ఎవరు లేచి వెళ్లారు అన్నవి నిమిషాల పక్కన పడితే తరవాత వాళ్లు నోటితో చెప్పినదానితో సరిపోల్చవచ్చు. ఫైట్లు నచ్చలేదన్న కుర్రవాడు ఫైటు పన్నెండు నిమిషాలూ ఫోను ముట్టకపోతే ఆ సంగతి కూడా అభిప్రాయమే. ఫ్లాష్‌బ్యాక్ మొదలయ్యే ముందు సినిమా ఆపి, టీ ఇచ్చి, ఇతను ఎవరై ఉంటాడని మొదటిసారి చూస్తున్నవారిని అడగండి. చాలామంది ముందే చెప్పేస్తారు, చెప్పేశాక "ఇది పాత కథే" అని తేలికగా కూడా అంటారు. వాళ్లు 1999 నాటి సమరసింహారెడ్డినో, 2002 నాటి ఇంద్రనో ముందు చూసి ఉంటారు. గతాన్ని దాచుకుని పరాయి ఊళ్లో బతికే వీరుడి కథను ఆ సినిమాల ద్వారా నేర్చుకున్నవారికి బాషా పాతగా కనిపించడంలో ఆశ్చర్యం లేదు. బాషా కూడా గాలిలోంచి ఊడిపడలేదు. 1991లో వచ్చిన హిందీ చిత్రం హమ్‌లో అమితాబ్‌కు తమ్ముడిగా రజనీకాంతే నటించారు, అక్కడా గతం దాచుకున్న అన్నే కథానాయకుడు. అందుచేత ప్రతి యువ ప్రేక్షకుడి పేరు పక్కన, ఈ సినిమాకు ముందు ఏయే పగ సినిమాలు చూశాడో కూడా రాయాలి.

ఇప్పటి కళ్లకు ఇబ్బందిగా కనిపించేవి ఆ సినిమాల్లో ఉంటాయి, హీరోయిన్ పాత్రకు పాటలు తప్ప పని లేకపోవడం, హాస్యం పేరుతో వచ్చే వెకిలి మాటలు, మితిమీరిన రక్తం. పాతతరాన్ని బోనులో నిలబెట్టినట్టు వీటి గురించి అడగకూడదు. అప్పుడు గమనించారా, గమనిస్తే ఏమనుకున్నారు అని మాత్రమే అడగండి. కొంతమంది తల్లులు పిల్లల కళ్లు మూసిన సంగతి చెబుతారు, ఏ దృశ్యంలో మూశారన్నది మరిచిపోకుండా అడగండి.

సేకరించినదంతా నిజమని నమ్మకూడదు. ముఖ్యంగా రోజుల లెక్క, వసూళ్ల లెక్క. ఆ రోజుల్లో ఒక హాలు నుంచి మరో హాలుకు షిఫ్టింగులు కలుపుకుని వంద రోజుల పోస్టరు వేసుకోవడం మామూలు విషయం, వసూళ్ల అంకెలకైతే ఎవరి అంకె వారిది. సంచికలో వాటిని పూర్తిగా వదిలేయమనే చెబుతాను. అదే విధంగా, ఫలానా సినిమా టీవీలో చూశామని చెప్పే సంవత్సరాన్ని కొంచెం సరిచూడాలి. సన్ టీవీ మొదలైంది 1993లో, జెమిని, ఈటీవీ మొదలైంది 1995లో. అంతకుముందు మద్రాసు ఇంట్లో తెలుగు సినిమా చూశామంటే అది దూరదర్శన్‌లోనో, అద్దెకు తెచ్చిన వీడియో క్యాసెట్‌లోనో అయి ఉండే అవకాశమే ఎక్కువ. తేదీ తప్పయినంత మాత్రాన అనుభవం అబద్ధం కాదు కనుక తేదీని తీసేసి మాటను ఉంచండి.

రాసేటప్పుడు మనుషుల వరసలో కాకుండా సన్నివేశాల వరసలో పేర్చండి. మొదటి దెబ్బ ఒక శీర్షిక, స్తంభం దృశ్యం ఒక శీర్షిక, ఫ్లాష్‌బ్యాక్ ఒకటి, చివరి పోరాటం ఒకటి. ప్రతి శీర్షిక కింద పరస్పరం పొసగని మాటలను పక్కపక్కన పెట్టండి. ప్రతి మాట ముందు ఒక్క వరస పరిచయం చాలు: "తమిళంలో, విడుదలైన వారంలో, పెరంబూరు వైపు హాల్లో, అప్పటి వయసు పంతొమ్మిది, మిల్లు ఉద్యోగం" అని ఉంటే పేరు లేకపోయినా మనిషి కనిపిస్తాడు. ఇంత సమాచారం ఇచ్చాక నక్షత్రాలు, సగటు మార్కులు అనవసరం. భాషను శుద్ధి చేయాలన్న తహతహను కూడా అదుపులో పెట్టుకోవాలి. ఉత్తర చెన్నై తెలుగును పుస్తకం తెలుగులోకి మార్చితే కేకేసిన మనిషి ఉపన్యాసం ఇచ్చినట్టుంటుంది.

ఇక్కడ పెరిగిన పిల్లల్లో తెలుగు చక్కగా మాట్లాడినా తెలుగు లిపి చదవలేనివారు చాలామంది ఉన్నారు. వాళ్లకు కాగితం ఇచ్చి రాయమనకుండా ఫోనులో రికార్డు చేసి మీరు రాసుకోండి, అచ్చుకు వెళ్లేముందు దాన్ని పైకి చదివి వినిపించండి. పెద్దలకూ అలాగే వినిపించండి. విన్నాక కొందరు పేరు తీసేయమంటారు, వెంటనే తీసేయాలి. మరికొందరు ఈలోగా ఓటీటీలో సినిమా మళ్లీ చూసి, అప్పుడు చెప్పింది కొట్టేసి కొత్తది రాయమంటారు. వారి అనుమతి ఉంటే పాత మాటను కొట్టేయకుండా, రెండింటినీ చెప్పిన తేదీలతో సహా ఒకదాని కింద ఒకటి వేయండి.